తక్కువ శిక్షపై ప్రభుత్వ అప్పీలు

నేరం రుజువైనా ముద్దాయికి పడిన శిక్ష మరీ తక్కువని భావించినప్పుడు, దాన్ని పెంచమని ప్రభుత్వం పైకోర్టును ఆశ్రయించే విధానం ఇది. భారతదేశంలో ఈ హక్కు కేసు దర్యాప్తు చేసిన పోలీసులది కాదు. వాళ్లు చార్జిషీటు వేస్తారు, సాక్ష్యం చెబుతారు. శిక్ష ఎంతన్నది చట్టం గీసిన హద్దుల్లో న్యాయమూర్తి విచక్షణ. అది చాలదనుకుంటే ప్రభుత్వం ఆదేశించాలి, పబ్లిక్ ప్రాసిక్యూటర్ అప్పీలు వేయాలి. దర్యాప్తు అధికారికి ఎంత అసంతృప్తి ఉన్నా పైఅధికారులకు రాసుకోవడమే మిగులుతుంది.

1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇలాంటి అప్పీలే లేదు. ముద్దాయిని నిర్దోషిగా వదిలేస్తే ప్రభుత్వం అప్పీలుకు వెళ్లవచ్చు. శిక్ష తగ్గిందని వెళ్లడానికి వీల్లేదు. 439వ సెక్షన్ కింద హైకోర్టే రివిజన్ అధికారంతో శిక్ష పెంచేది. ఆ అధికారానికి సుప్రీంకోర్టు 1955లో బేద్‌రాజ్ కేసులో కళ్లెం వేసింది. కింది కోర్టు విధించిన 3 ఏళ్ల శిక్షను హైకోర్టు 10 ఏళ్లకు పెంచితే, ఆ పెంపును కొట్టేసింది. తానైతే ఇంకా ఎక్కువ వేసేదాన్నని పైకోర్టుకు అనిపించడం చాలదు, శిక్ష స్పష్టంగా చాలనిదై ఉండాలన్నది ఆ తీర్పు సారం. ఈ కొలబద్ద నేటికీ నిలిచి ఉంది.

1974 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 1973 కోడ్, 377వ సెక్షన్‌తో ప్రభుత్వానికి నేరుగా అప్పీలు హక్కునిచ్చింది. అయితే ముద్దాయి వాదన వినకుండా శిక్ష పెంచకూడదు. పైగా ఆ అప్పీలులోనే అతను తన శిక్ష తగ్గించమనీ, అసలు నేరమే చేయలేదనీ వాదించుకోవచ్చు. అంటే శిక్ష పెంచమని వెళ్లిన ప్రభుత్వం మొత్తం కేసునే పోగొట్టుకునే ప్రమాదమూ ఉంది. కొత్త సెక్షన్ వచ్చినా తనంతట తానుగా శిక్ష పెంచే అధికారం హైకోర్టుకు పోలేదని నాదిర్‌ఖాన్ కేసులో 1975లో సుప్రీంకోర్టు తేల్చింది. 2005 సవరణ తర్వాత, మేజిస్ట్రేట్ వేసిన శిక్షపై అప్పీలు సెషన్స్ కోర్టుకు వెళ్తుంది.

హైకోర్టే శిక్ష తగ్గించినప్పుడు ప్రభుత్వం సుప్రీంకోర్టు గడప తొక్కాలి. మైనరు బాలికపై అత్యాచారం కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 10 ఏళ్ల శిక్షను 4 ఏళ్లకు కుదించింది. రాష్ట్రం అప్పీలు చేయగా 1995లో సుప్రీంకోర్టు దాన్ని 7 ఏళ్లకు పెంచింది.

ఇటీవలి అసలు తగాదా కోర్టుకూ పోలీసుకూ మధ్య కాదు, ఏ ప్రభుత్వం అప్పీలు వేయాలన్నదానిపై. సీబీఐ లాంటి కేంద్ర సంస్థ దర్యాప్తు చేసిన కేసుల్లో కేంద్రం అప్పీలుకు ఆదేశించవచ్చని చట్టం చెబుతుంది. మరి రాష్ట్రం మాటేమిటి? బీహార్ మాజీ ముఖ్యమంత్రి లాలూ ప్రసాద్‌ను ప్రత్యేక కోర్టు నిర్దోషిగా వదిలిన సీబీఐ కేసులో బీహార్ ప్రభుత్వం అప్పీలు చెల్లదని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. అది శిక్ష గురించిన కేసు కాకపోయినా తర్వాత అదే దారి చూపింది. కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో వైద్యురాలి హత్యాచారం కేసును మొదట నగర పోలీసులు చేపట్టారు, తర్వాత హైకోర్టు దాన్ని సీబీఐకి అప్పగించింది. 2025 జనవరి 20న సియాల్దా కోర్టు యావజ్జీవం విధించింది. మరణశిక్ష కోరుతూ పశ్చిమ బెంగాల్ ప్రభుత్వమూ, సీబీఐ కూడా కలకత్తా హైకోర్టుకు వెళ్లాయి. ఒకే శిక్ష కోసం ఇద్దరు పోటీపడటం విడ్డూరమే. ఫిబ్రవరి 7న హైకోర్టు రాష్ట్రం అప్పీలును తిరస్కరించి, సీబీఐ అప్పీలును విచారణకు తీసుకుంది.

ఈ పోటీలో బాధితులకు చోటు లేదు. 2009 చివర్లో అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం ముద్దాయి విడుదలైనా, చిన్న నేరం కిందే దోషిగా తేలినా, పరిహారం చాలకపోయినా బాధితులు అప్పీలుకు వెళ్లవచ్చు. శిక్ష చాలలేదని మాత్రం వెళ్లలేరు. సుప్రీంకోర్టు 2020లో దీన్నే ధ్రువీకరించింది. 2024 జులై 1న పాత కోడ్ స్థానంలోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 377వ సెక్షన్ 418గా మారింది. బాధితుల అప్పీలు హక్కు 413లో పాత హద్దులతోనే ఉంది.