గుర్రం, గుర్రపు తోక, మధ్యలో మన నడుం

1831లో బూలీ అనే ఫ్రెంచి పశువైద్యుడు ఒక గుర్రం గురించి రాశాడు. బండికి కట్టి కాస్త దూరం తోలితే చాలు, కుంటడం మొదలుపెట్టేది. ఆపి కాసేపు నిలబెడితే మళ్ళీ మామూలే. తోలితే మళ్ళీ కుంటు. కాలికి రక్తం తీసుకెళ్ళే ధమని పూడుకుపోయిందని తర్వాత తేలింది. 1858లో షార్కో ఇదే లక్షణాన్ని మనిషిలో గుర్తించి రాశాడు. ఆగి ఆగి వచ్చే ఈ కుంటుకి వైద్యంలో ఒక పేరు స్థిరపడింది. పేరుతో పాటే కారణం కూడా స్థిరపడిపోయింది: రక్తం చాలట్లేదు.

చిక్కంతా అక్కడే. ఇలాగే నాలుగడుగులు వేసి ఆగిపోయే పెద్దవాళ్ళలో కొందరికి పాదం దగ్గర నాడి శుభ్రంగా కొట్టుకుంటూ ఉంటుంది. రక్తం బాగానే అందుతోంది. మరి ఆ కాళ్ళు లాగడం, తిమ్మిర్లు, నడుం నుంచి పిరుదుల మీదుగా దిగే ఆ బరువు ఎక్కడినుంచి వస్తున్నట్టు? 1911లో దెజెరిన్ అనే మరో ఫ్రెంచి వైద్యుడు, కారణం కాలిలో కాదు వెన్నుపాములో ఉండొచ్చన్నాడు. కానీ ఆయనా రక్తాన్ని వదల్లేదు. కాలికి కాకపోతే వెన్నుపాముకి చాలట్లేదేమో అనుకున్నాడు.

1934లో బోస్టన్ డాక్టర్లు మిక్స్టర్, బార్ ఇద్దరూ కలిసి రాసిన ఒక వ్యాసంతో కథ ఇంకో దారి పట్టింది. అంతకుముందు వెన్నులో కణితి అనుకుని తీసేసినవాటిలో చాలావరకు నిజానికి పూసల మధ్యనుంచి బయటికి జారిన డిస్క్ ముక్కలని వాళ్ళు చూపించారు. పెద్ద ఆవిష్కరణే, కాదనను. కానీ ఆ తర్వాత చాలా ఏళ్ళు నడుంనొప్పి అంటే డిస్క్, డిస్క్ అంటే నడుంనొప్పి. మన ఇళ్ళలో ఇప్పటికీ "డిస్క్ జారిందట" అనే మాట వినబడుతుందంటే దాని మూలం అక్కడుంది.

ఇక ఉట్రెక్ట్‌కి వద్దాం. హెంక్ వెర్బీస్ట్ అక్కడ న్యూరోసర్జన్. 1954లో ఒక బ్రిటిష్ పత్రికలో ఏడుగురు రోగుల గురించి రాశాడు. నిలబడినా నడిచినా వాళ్ళకి కాళ్ళలో నొప్పి, తిమ్మిరి, బలహీనత. పడుకుంటే అన్నీ మాయం. వెన్నులోకి రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తే మందు ఒకచోట ఆగిపోతోంది. అక్కడ తెరిచి చూస్తే కణితి లేదు, డిస్కూ లేదు. నరాలు పోయే ఎముక కాలువే సన్నగా ఉంది! పైకప్పు లాంటి ఎముకని తీసేస్తే నొప్పి తగ్గింది.

ఇంత సాదా సంగతి కనబడటానికి 1954 దాకా ఎందుకు పట్టింది? నాకు తోచిన జవాబు పరీక్ష బల్ల. డాక్టరు దగ్గరికెళ్తే మొదట పడుకోమంటారు. పడుకున్న క్షణంలో ఈ జబ్బు పారిపోతుంది. మోకాలి మీద సుత్తితో కొడితే కాలు ఎగురుతుంది, నాడి బాగుంటుంది, బలమూ చాలాసార్లు బాగానే ఉంటుంది. మా వృత్తిలో ఇలాంటి బగ్గులు మాకు బాగా తెలుసు. కస్టమర్ దగ్గర రోజూ వస్తుంది, మనం డీబగ్గర్ పెట్టి కూర్చోగానే రాదు. అప్పుడు మనం అనే మాట, "నా మెషీన్లో బానే నడుస్తోందండీ". అదే మాట ఒక డెబ్బై ఏళ్ళ మనిషితో అంటే ఎలా ఉంటుందో ఊహించండి. "ఏమీ లేదమ్మా, వయసు" అని.

కాలువ ఎందుకు ఇరుకవుతుందో కూడా చెప్పుకోవాలి. వెర్బీస్ట్ మొదట రాసింది పుట్టుకతోనే, ఎదుగుదలలోనే కాలువ చిన్నదిగా ఉన్నవాళ్ళ గురించి. ఇవాళ ఎక్కువగా కనబడేది వయసుతో వచ్చేది. డిస్కులు నీరు తగ్గి కుంగుతాయి. వెనకవైపు కీళ్ళు ఉబ్బుతాయి. పూసల్ని కలిపి ఉంచే పసుపుపచ్చ నారలు మందమై లోపలికి ముడత పడతాయి. మూడువైపుల నుంచీ గోడలు జరుగుతాయన్నమాట. వెన్నుపాము నడుం పైభాగంలోనే ముగిసిపోతుంది; ఆ కింద పోయేవి విడివిడి నరాల కట్ట. దానికి వైద్యులు పెట్టిన లాటిన్ పేరుకి అర్థం గుర్రపు తోక. గుర్రంతో మొదలైన కథ ఇక్కడికి తేలడం కాకతాళీయమే కానీ నాకు ముచ్చటేసింది.

వెన్ను నిటారుగా ఉంటే ఆ కాలువ ఇంకాస్త బిగుస్తుంది, ముందుకి వంగితే తెరుచుకుంటుంది. జబ్బు గుట్టంతా ఇదే. 1977లో ఒక పరీక్ష అచ్చయింది: రోగిని సైకిలు తొక్కించడం. రక్తం చాలనివాడికి ఎలా కూర్చుని తొక్కినా కాలు నొప్పెడుతుంది. కాలువ ఇరుకైనవాడు ముందుకి వాలి తొక్కితే చాలాసేపు తొక్కగలడు. అమెరికాలో పిల్లల దగ్గరికెళ్ళిన మన అమ్మానాన్నల్లో కొందరు సూపర్ మార్కెట్లో బండి మీద వాలి గంటసేపు తిరుగుతారు, అదే పార్కింగ్‌లో బండి వదిలేశాక కారు దాకా నడవలేరు. "షాపింగంటే ఓపికొస్తుంది" అని ఇంట్లో జోకులు. అది ఓపిక కాదు, జ్యామితి. దానికి 'షాపింగ్ కార్ట్ లక్షణం' అని పేరే ఉంది.

మనవాళ్ళు దీన్ని "నడుంలో గ్యాప్ వచ్చింది" అంటారు. విచిత్రమేమిటంటే జరిగింది సరిగ్గా దానికి తిరగబడి: ఉండాల్సిన ఖాళీ పోయింది. స్టెనోసిస్‌లోని గ్రీకు మూలానికి అర్థమే ఇరుకు. ఒకప్పుడు మన ఆఫీసుల్లో ఉండే స్టెనో కూడా ఆ మాట పిల్లే, ఇరికించి రాసేవాళ్ళు కనక.

వెర్బీస్ట్‌కి పదిహేడేళ్ళ ముందే ఇరుకైన వెన్ను కాలువ కథ ఒకటి మన నేల మీద నమోదైంది. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, మన్నాడి నాయర్ అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ గురించి రాశారు. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు, తర్వాత ప్రకాశం జిల్లాలోకి వెళ్ళినవి. అక్కడా మనుషులకంటే ముందు పశువుల్లోనే జబ్బుని పట్టించుకున్నారు. కీళ్ళు బిగుసుకుపోయి నడవలేని ఎడ్లు. బావినీళ్ళలోని ఫ్లోరైడు ఏళ్ళ తరబడి ఎముకల్లో చేరి, పూసల్ని ఒకదానికొకటి అతికించేస్తుంది, కట్టునారల్ని ఎముకగా మారుస్తుంది, కొందరిలో కాలువనే నొక్కేసి కాళ్ళు పడిపోయేలా చేస్తుంది. ఇది వయసు జబ్బు కాదు, నీళ్ళ జబ్బు, రెండిటినీ కలపకూడదు. వయసు ఇరుకు ఉన్నవాళ్ళకి వంగితే ఉపశమనం. వెన్ను కర్రలా బిగిసినవాళ్ళకి ఆ వంగడమూ దక్కదు. ఫ్లోరైడు అనగానే మనకి నల్లగొండ పిల్లల వంకర కాళ్ళ ఫోటోలే గుర్తొస్తాయి. మంచంలో పక్కకి తిరగలేని ముసలివాడి వెన్ను ఫోటోలో పడదు కదా.

ఫోటో అన్నాను కాబట్టి ఎం.ఆర్.ఐ. సంగతి. యంత్రం వచ్చాక, కనబడని జబ్బు కనబడింది. ఇక కథ సుఖాంతం కావాలి. కానీ 1990లో బోడెన్ బృందం నడుంనొప్పి అనేదే ఎరగని 67 మందికి స్కాన్ తీసింది. అరవై దాటినవాళ్ళలో 57 శాతం మందికి ఏదో ఒక తేడా ఉంది. 21 శాతం మందికి కాలువ ఇరుకుగా ఉంది. వాళ్ళెవరికీ నొప్పి లేదు! లాగ్ ఫైల్లో వార్నింగ్ కనబడితే సర్వర్ పడిపోవడానికి అదే కారణమని తేల్చేసే జూనియర్లకి నేను ఇదే చెప్తుంటాను: బాగా నడుస్తున్న సర్వర్ లాగ్ కూడా ఒకసారి తెరిచి చూడు.

1954కి ముందు బొమ్మలో లేదు కాబట్టి నొప్పి లేదన్నారు. 1990ల తర్వాత బొమ్మలో ఉంది కాబట్టి కోయాలన్నారు. రెండుసార్లూ అడగని ప్రశ్న ఒకటే: "ఎంత దూరం నడిచాక ఆగుతారు, ఆగి ఏం చేస్తారు?" కోత ఎప్పుడూ తప్పేనని నేననను. కాలు బలం తగ్గిపోతున్నా, మూత్రం అదుపు తప్పినా ఒక్క పూట కూడా ఆలస్యం చేయకూడదు. మామూలు వ్యాయామం పనిచేయనప్పుడు ఒత్తిడి తీసేసే ఆపరేషన్ చాలామందిని మళ్ళీ నడిపించింది కూడా. నా పేచీ దానికి తగిలించే అదనపు హంగులతో. అమెరికా మెడికేర్ లెక్కల్లో 2002 నుంచి 2007 మధ్య ఈ జబ్బుకి మొత్తం ఆపరేషన్లు కాస్త తగ్గాయి. స్క్రూలూ రాడ్లూ వేసి అనేక పూసల్ని కలిపేసే పెద్ద ఆపరేషన్లు మాత్రం సుమారు 15 రెట్లు పెరిగాయి. ఒట్టి ఒత్తిడి తీసే ఆపరేషన్‌కి ఆసుపత్రి బిల్లు సగటున 23,724 డాలర్లు, పెద్దదానికి 80,888. ఐదేళ్ళలో మనుషుల వెన్నులు 15 రెట్లు పాడవ్వవు కదా.

2016లో స్వీడన్ వాళ్ళు దీన్ని తేల్చుకుందామని 50 నుంచి 80 ఏళ్ళ మధ్య 247 మందిని తీసుకుని, చీటీలు వేసినట్టు రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి ఒత్తిడి తీసి ఊరుకున్నారు. రెండో జట్టుకి పూసలు కూడా కలిపేశారు. రెండేళ్ళ తర్వాత, మిగతా ప్రశ్నలతో పాటు, ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలరో కొలిచారు. పూసలు కలిపినవాళ్ళు సగటున 397 మీటర్లు, కలపనివాళ్ళు 405.