ఓలింగర్ తుపాకి

పాత తుపాకుల బజారులో మామూలు లెక్క అందరికీ తెలిసిందే. కర్ర చెక్కుచెదరకుండా, గొట్టాల మీద అసలు రంగు నిలిచి ఉంటే ధర పెరుగుతుంది. మరమ్మతు చేసిన గుర్తు కనిపిస్తే సగానికి సగం పడిపోతుంది. కానీ 2021 ఆగస్టులో బోనమ్స్ వాళ్ళు లాస్ ఏంజెలెస్‌లో పెట్టిన వేలంలో, కర్ర విరిగి అతికించిన ఒక రెండు గొట్టాల విట్నీ షాట్‌గన్ 9,78,313 డాలర్లకు పోయింది. కొన్నవాళ్ళు ఆ విరిగిన చోటుకే డబ్బు పెట్టారంటే తప్పు లేదు.

కథ 1881 ఏప్రిల్ 28 నాటిది. న్యూ మెక్సికోలో లింకన్ అనే చిన్న ఊరు. ఉరిశిక్ష పడ్డ బిల్లీ ద కిడ్‌ని కోర్టు భవనం పై అంతస్తులో బంధించారు. షెరిఫ్ పాట్ గారెట్ పని మీద వేరే ఊరు వెళ్ళాడు. కాపలాకి ఇద్దరే: జేమ్స్ బెల్, బాబ్ ఓలింగర్. ఓలింగర్ మిగతా ఖైదీలను భోజనానికి ఎదురుగా ఉన్న హోటల్‌కి తీసుకెళ్ళాడు, తన షాట్‌గన్ మాత్రం భవనంలోనే వదిలేశాడు. బిల్లీ ముందు బెల్‌ని రివాల్వర్‌తో చంపాడు. తర్వాత ఆ షాట్‌గన్ పట్టుకుని కిటికీ దగ్గర కాచుకున్నాడు. చప్పుడు విని పరిగెత్తుకొచ్చిన ఓలింగర్ తన తుపాకికే బలయ్యాడు. ఆ కోపంలో బిల్లీ తుపాకిని విరగ్గొట్టి శవం మీదకి విసిరేశాడని చెబుతారు. కర్ర మీది మచ్చ ఆ మాటకి సాక్ష్యంగా నిలిచింది. లేకపోతే అది వేల కొద్దీ తయారైన మామూలు సరుకే. (పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్ను కనిపెట్టిన ఎలై విట్నీ పెట్టిన కంపెనీయే ఈ విట్నీ.)

ఇక్కడే నాకు ఒక సంగతి తెమలదు. ప్రసిద్ధుడి సొత్తు కాబట్టి విలువ అంటాం. ఈ తుపాకి బిల్లీ సొత్తు ఎప్పుడైంది? అది అతని చేతిలో ఉన్నది ఆ ఒక్క రోజు, అదీ కాసేపే. సొంతదారు ఓలింగర్. అతని పేరు ఈ రోజు ఎవరికైనా తెలుసంటే ఆ తుపాకితో చచ్చాడు కనకే. బెల్ పేరైతే అంత కూడా వినపడదు. అదే వేలంలో, రెండున్నర నెలల తర్వాత బిల్లీని చంపిన గారెట్ రివాల్వర్ 60 లక్షల డాలర్లు దాటింది. చంపినవాడి చెయ్యి ఎంత ప్రసిద్ధమైతే ఇనుము అంత బంగారం.

రూజ్‌వెల్ట్ తుపాకి సంగతి వేరు, ఇంత నెత్తురు కథ లేదు. 1909లో అధ్యక్ష పదవి దిగిన మూడు వారాలకే థియొడోర్ రూజ్‌వెల్ట్, స్మిత్సోనియన్ సంస్థ తరఫున నమూనాలు సేకరించడానికి ఆఫ్రికా వేటకి బయల్దేరాడు. ఫిలడెల్ఫియాలో తుపాకులు చేసే ఆన్స్‌లీ ఫాక్స్ తన కంపెనీలో అన్నిటికన్నా మేలు రకం 12 బోరు షాట్‌గన్ ఒకటి చేయించి కానుకగా ఇచ్చాడు. ప్రచారం కోసమే అనుకోండి, అందులో దాపరికం ఏముంది? రూజ్‌వెల్ట్ దాన్ని పెట్టెలో దాచలేదు, వాడాడు, తన వేట పుస్తకంలో దాని ప్రస్తావన కూడా తెచ్చాడు. 2010 అక్టోబరులో మెయిన్ రాష్ట్రంలో జేమ్స్ జూలియా వేలంలో అది 8,62,500 డాలర్లు పలికింది. అప్పటికి ఏ షాట్‌గన్‌కీ అంత ధర రాలేదు. దానికి కానుక ఇచ్చినవాడున్నాడు, పుచ్చుకున్నవాడు రాసిన రాతలున్నాయి. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే లాగ్ మొత్తం చెక్కుచెదరకుండా ఉంది.

తమాషా ఏమిటంటే, 1968 నాటి అమెరికా చట్టం ప్రకారం 1898 లోపు తయారైనదే "యాంటిక్" తుపాకి. అంటే రూజ్‌వెల్ట్ ఫాక్స్ ఎంత పాతదైనా ఆ లెక్కలోకి రాదు. ఓలింగర్ విట్నీ వస్తుంది.

కాగితం లేని చోట కోతలు మొదలవుతాయి. పిట్టలదొర భుజాన కర్ర తుపాకి పెట్టుకుని ఎన్ని పులుల్ని కొట్టానో చెబితే మనం నవ్వుకుంటాం. అమెరికా పడమటి కథల్లో ఆ వేషం చాలామంది కట్టారు. షెరిఫ్‌గా పేరు పడ్డ బ్యాట్ మాస్టర్‌సన్ ముసలితనంలో న్యూయార్క్‌లో పత్రికా రచయితగా బతికాడు. తన తుపాకి కావాలని వెంటపడేవాళ్ళకి, తాకట్టు దుకాణంలో పాత కోల్ట్ కొని, పిడి మీద గాట్లు పెట్టి అంటగట్టేవాడని ఒక కథ. ఆ కథ కూడా కోతే కావచ్చు. అందుకే పేరున్న కలెక్టర్లు ముందు అడిగేది ఫ్యాక్టరీ రికార్డు. వయోమింగ్‌లోని కోడీ తుపాకుల మ్యూజియం పాత వించెస్టర్, మార్లిన్, ఎల్.సి. స్మిత్ పుస్తకాలు చూసి ఉత్తరం రాసిస్తుంది. కానీ ఆ పుస్తకంలో ఉండేది ఆ తుపాకి ఎలాంటిది, ఎప్పుడు పంపారు అన్నదే. తర్వాత ఎవరి చేతిలో పేలిందో అందులో ఉండదు.

హెమింగ్వే తుపాకులు కూడా వేలానికి వచ్చాయి. ఆయన వెస్ట్‌లీ రిచర్డ్స్ రైఫిల్ 2011లో 3,39,250 డాలర్లకు అమ్ముడైంది. 1961 జూలైలో ఆయన ఆఖరి రోజుతో ముడిపడిన షాట్‌గన్ మాత్రం ఏ వేలానికీ రాలేదు. వచ్చి ఉంటే ఏ ధర పలికేదో ఊహించడం కష్టం కాదు. ఐడహోలో కెచమ్ అనే ఊళ్ళో కుటుంబం కోరిక మీద దాన్ని ఒక వెల్డింగ్ షాపులో ముక్కలుగా కోయించి పూడ్చిపెట్టారు.