గేమ్‌బాయ్ డొల్లలో పరకాయ ప్రవేశం

శంకరాచార్యులవారు అమరుక మహారాజు దేహంలో ప్రవేశించిన కథ మనలో చాలామంది విన్నదే. అందులో నాకు బాగా నచ్చే వివరం ఒకటుంది. ఆయన రాజు శరీరంలో ఉన్నన్నాళ్ళూ శిష్యులు గుహలో ఆయన అసలు శరీరాన్ని కాపలా కాస్తుంటారు. అది కాస్తా పోతే మళ్ళీ వెనక్కి రావడానికి దారి ఉండదు కదా!

ఇప్పుడీ కథ ఎందుకంటే, గత పదేళ్ళుగా ఎలక్ట్రానిక్స్ పిచ్చి ఉన్నవాళ్ళు చేస్తున్న ఒక పరకాయ ప్రవేశం గురించి చెబుదామని. 1989 నాటి నింటెండో గేమ్‌బాయ్ తీసుకుని, లోపలున్నదంతా పీకేసి, ఆ డొల్లలో ఓ బుల్లి లినక్స్ కంప్యూటర్ కూర్చి, పాత ఆటలన్నీ అందులో ఆడుకోవడం. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. నేనూ ఒకటి కట్టాను. కానీ ఇక్కడ పీకేసిన దాన్ని కాపలా కాసే శిష్యులే కనబడరు. నా గొడవంతా దాని గురించే.

ముందు ఆ డొల్ల కథ చెప్పుకోవాలి. గున్‌పెయ్ యొకోయ్ అనే ఆయన 1965లో నింటెండోలో చేరినప్పుడు ఆ కంపెనీ పేకముక్కలు అచ్చేసేది. ఈయన ఉద్యోగం ఆ యంత్రాలు ఆగిపోకుండా చూసుకోవడం. మన భాషలో మెయింటెనెన్స్ ప్రాజెక్టన్నమాట :) ఖాళీ దొరికినప్పుడు సరదాకి చేసుకున్న సాగే చెయ్యి బొమ్మ పైవాళ్ళ కంటబడి, 1966లో ‘అల్ట్రా హ్యాండ్’ పేరుతో మార్కెట్లోకొచ్చి పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. ఆ తర్వాత క్యాలిక్యులేటర్ల పోటీ పుణ్యమా అని ఎల్‌సీడీ తెరలు చవకైపోతే, వాటితో 1980లో ‘గేమ్ అండ్ వాచ్’ అనే చేతిలో పట్టే ఆటలు తీశాడు. ఇప్పుడు ప్రతి గేమ్ కంట్రోలర్ మీదా కనిపించే ప్లస్ గుర్తు మీట మొదట వచ్చింది కూడా 1982లో ఆ వరసలోనే.

ఆయన సిద్ధాంతం ఒక్క ముక్కలో చెప్పాలంటే: వాడిపోయిన టెక్నాలజీని ఎవరూ అనుకోని పనికి పెట్టడం. వాడిపోయిన అంటే పనికిరాని అని కాదు. అందరి చేతుల్లో నలిగి, లోటుపాట్లన్నీ తెలిసిపోయి, ధర పడిపోయినది అని.

గేమ్‌బాయ్ ఆ సిద్ధాంతానికి నిలువెత్తు ఉదాహరణ. 1989 ఏప్రిల్ 21న జపాన్లో విడుదలైంది, ధర 12,500 యెన్లు. 4.19 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు, 8 కిలోబైట్ల ర్యామ్, 160×144 చుక్కల తెర, ఆకుపచ్చలో నాలుగంటే నాలుగు ఛాయలు. తెర వెనక దీపం కూడా లేదు. అదే ఏడాది అటారీ వాళ్ళు లింక్స్ అని రంగుల తెరతో దించారు, దాదాపు రెట్టింపు ధరకి. 1990లో సెగా వాళ్ళ గేమ్ గేర్ వచ్చింది, అదీ రంగులదే. కాకపోతే ఆరు సెల్లు వేస్తే మూడు నుంచి ఐదు గంటలు నడిచేది. గేమ్‌బాయ్ నాలుగు పెన్సిల్ సెల్లతో పది గంటలకు పైగా లాగేది. చివరికి ఏమైంది? గేమ్‌బాయ్, దాని రంగుల తమ్ముడు కలిపి 11.86 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి.

మన ఊళ్ళలో అసలు గేమ్‌బాయ్‌ని చూసినవాళ్ళు తక్కువే. మనకి 90లలో నుమాయిష్‌లోనో, తిరనాళ్ళలోనో దొరికింది ‘9999 ఇన్ 1’ అని రాసున్న ఇటుకల ఆట. అందులోని అసలు ఆట టెట్రిస్సే. గేమ్‌బాయ్‌తో పాటు అమెరికాలో ఉచితంగా ఇచ్చి దాన్ని ఇంటింటికీ చేర్చిన ఆట అదే. అంటే అసలు మనిషిని చూడకపోయినా దూరపు చుట్టాన్ని చూశాం.

గట్టిదనం గురించి ఒక్క మాట. గల్ఫ్ యుద్ధంలో ఓ సైనికుడి గేమ్‌బాయ్ మంటల్లో చిక్కుకుని ముందు భాగం కాలి కరిగిపోయింది. లోపలి బోర్డు మాత్రం బతికే ఉంది. ఆ నల్లబడ్డ డబ్బా న్యూయార్కులో నింటెండో వాళ్ళ దుకాణంలో టెట్రిస్ ఆడిస్తూ ఏళ్ళ తరబడి ప్రదర్శనలో ఉండేది. డొల్ల పోయినా ప్రాణం నిలిచింది. ఇప్పుడు మనవాళ్ళు చేస్తున్నది దీనికి సరిగ్గా తిరగేసిన పని.

నిజానికి ఈ సరదా మొదలైంది కూడా తిరగేసే. 2000లో బెన్ హెకెన్‌డార్న్ అనే అమెరికన్, 1977 నాటి అటారీ 2600ని చేతిలో పట్టేలా మార్చాడు. టీవీకి తగిలించే పెద్ద పెట్టెలోంచి అసలు బోర్డు తీసి, తనే తయారుచేసిన కొత్త కేసులో బిగించాడు. ఆ దారిలో వెళ్ళినవాళ్ళు తర్వాత్తర్వాత నింటెండో వీ బోర్డుని రంపంతో కోసి, పనికొచ్చే ముక్క మాత్రం ఉంచుకుని జేబు సైజుకి తెచ్చారు. అక్కడ ప్రాణం పాతది, శరీరం కొత్తది.

రెండో దారి తెరుచుకున్నది రాస్ప్‌బెర్రీ పై వల్ల. మొదటిది 2012లో వచ్చింది. పాత ఆటల యంత్రాలని అనుకరించే ఎమ్యులేటర్లన్నీ ఒక చోట చేర్చిన రెట్రోపై కూడా ఆ ఏడాదే మొదలైంది. 2015 నవంబరు 26న పై జీరో వచ్చింది. ధర 5 డాలర్లు, పొడవు 65 మిల్లీమీటర్లు, వెడల్పు 30. వాళ్ళ పత్రిక 40వ సంచికతో పాటు ఉచితంగా అతికించి ఇచ్చారు కూడా! అంత చిన్నది గేమ్‌బాయ్‌లో పడుతుందని ఎవరికైనా తడుతుంది. 2016లో వెర్మీ అనే మారుపేరు గలాయన తన ‘గేమ్‌బాయ్ జీరో’ని చూపించాక ఇది ఉద్యమంలా పాకింది.

అతని పనితనం చూసి తీరాలి. ఆట కార్ట్రిజ్‌లో ఎస్‌డీ కార్డు పెట్టి, దాన్ని గేమ్‌బాయ్‌లో గుచ్చితేనే లినక్స్ లేచేలా చేశాడు. కార్లలో రివర్స్ కెమెరాకి వాడే మూడున్నర అంగుళాల తెరని తక్కువ వోల్టేజీకి మార్చి బిగించాడు. రెండు మీటలుండే చోట నాలుగు పెట్టాడు, వెనకవైపు ఇంకో రెండు. అసలు వాటికి గండి కొట్టకుండా తర్వాత్తర్వాత కొత్తగా పోతపోసిన డొల్లలు కూడా అమ్మకానికొచ్చాయి. నేను వాడింది అలాంటిదే.

లెక్క చూస్తే పై జీరో ప్రాసెసరు వేగం పాతదానికి సుమారు 240 రెట్లు, ర్యామ్ సరిగ్గా 65,536 రెట్లు. మరి అన్నిట్లోనూ మెరుగ్గా ఉండాలిగా? కట్టి చూస్తే తెలుస్తుంది.

మొదటిది స్విచ్. పాత గేమ్‌బాయ్‌లో అది ఉత్త స్విచ్. వేస్తే నాలుగైదు సెకన్లలో ఆట, తీస్తే చీకటి. లినక్స్‌కి అలా ఉన్నట్టుండి కరెంటు తీసేస్తే ఎస్‌డీ కార్డులో ఫైల్ సిస్టమ్ పాడవుతుంది. అందుకని స్విచ్ తీయగానే ముందు పైకి కబురు పంపి, అది సద్దుకుని పడుకున్నాక బ్యాటరీ కట్ చేసే సర్క్యూట్ వేరే పెట్టాలి. 1989లో అసలు లేని సమస్యని పరిష్కరించడానికి నాకు ఓ ఆదివారం మొత్తం పట్టింది.

రెండోది తెర. 160×144 బొమ్మని 320×240 తెర మీద నిండుగా పరచాలంటే 1.67 రెట్లు సాగదీయాలి. ఒక చుక్కని ఒకటిన్నర పైచిలుకు చుక్కలుగా ఎలా గీస్తాం? కొన్ని వరసలు లావుగా, కొన్ని సన్నగా వస్తాయి, బొమ్మ జరుగుతుంటే అలలు అలలుగా కనిపిస్తుంది. (2021లో వచ్చిన అనలాగ్ పాకెట్ వాళ్ళు తెరని 1600×1440గా, అంటే సరిగ్గా పదింతలుగా ఎంచుకున్నది ఊరికే కాదు.) మూడోది పక్కనుండే లింకు కేబుల్. ఇద్దరు పిల్లలు రెండు గేమ్‌బాయ్‌లు తగిలించి పోటీపడేవారు, పోకెమాన్లు మార్చుకునేవారు. మార్చిన డబ్బాల్లో ఆ రంధ్రం సాధారణంగా ఛార్జింగుకో, మరి దేనికో పోతుంది.

మన ఉద్యోగాల్లో చేసేది దీనికి తలకిందులు. వైటూకే రోజుల నుంచీ మనవాళ్ళలో ఎందరో కోబాల్ ప్రోగ్రాముల్ని సాకుతూ అన్నం తిన్నారు. ఇప్పుడూ బ్యాంకుల్లో, ఇన్సూరెన్సుల్లో లోపల మెయిన్‌ఫ్రేమ్ అలాగే ఉంటుంది, పైన కొత్త వెబ్ ముఖం తొడుగుతాం. ఎందుకు? ముప్ఫయ్యేళ్ళుగా పోగైన వ్యాపార నియమాలు ఆ లోపలి కోడ్‌లో తప్ప ఇంకెక్కడా రాసి ఉండవు కాబట్టి. పైపై ముఖం ఎప్పుడైనా మార్చుకోవచ్చు, లోపల తెలివి పోతే మళ్ళీ రాదు. ఆఫీసులో అంత జాగ్రత్తగా ఉండే మనం, ఇంట్లో గేమ్‌బాయ్ దగ్గరికొచ్చేసరికి ముఖం ఉంచుకుని తెలివిని చెత్తబుట్టలో వేస్తున్నాం.

“ఎమ్యులేటర్ ఉందిగా, ఆ తెలివంతా సాఫ్ట్‌వేర్లో భద్రంగానే ఉంది” అంటారు. ఆ ఎమ్యులేటర్ ఎక్కడినుంచి వచ్చిందో చూడండి. గేమ్‌బాయ్ ఆన్ చేయగానే నడిచే బూట్ ప్రోగ్రాము 256 బైట్లు. పని అయిపోగానే తనని తాను దాచేసుకుంటుంది, బయటినుంచి చదవడం కుదరదు. 2003లో ఓ ఔత్సాహికుడు చిప్ పైపొర తొలగించి, మైక్రోస్కోపు కింద బిట్టుబిట్టుగా చూసి రాసుకున్నాడు. పద్నాలుగేళ్ళు పట్టింది ఆ 256 బైట్లు బయటికి రావడానికి! ఎమ్యులేటర్ రాసేవాళ్ళకి ఈనాటికీ అనుమానమొస్తే తీర్పు చెప్పేది అసలు యంత్రమే. మూలప్రతి ఉంటేనే కదా నకలు సరిగా ఉందో లేదో చెప్పగలం.

పోనీ ఆటలు మార్కెట్లో దొరుకుతున్నాయా అంటే అదీ లేదు. అమెరికాలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో చేసిన అధ్యయనం ప్రకారం, 2010కి ముందు అక్కడ విడుదలైన ఆటల్లో 87 శాతం కొందామన్నా దొరకవు. దాచుకున్నవాళ్ళ దయే మనకి దిక్కు.

అలాగని ఈ కూర్పులన్నీ తప్పని నేననడం లేదు. ఆలోచిస్తే యొకోయ్‌కి అసలైన వారసులు వీళ్ళే అనిపిస్తుంది. కారు వెనక పెట్టే తెరని ఆటకి వాడటం ఆయన సిద్ధాంతమే కదా. అంతెందుకు, పై జీరోలో ఉన్న చిప్ కూడా 2012 నాటి మొదటి పైలో ఉన్నదే. వాడిపోయి చవకైంది కాబట్టే 5 డాలర్లకి వచ్చింది. 1997లో రోడ్డు ప్రమాదంలో పోకుండా ఉంటే ఆ పెద్దాయన ఇది చూసి తప్పకుండా మురిసిపోయేవాడని నా నమ్మకం. ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది ఆ బుద్ధి. దానికి ఆయన డబ్బానే కొయ్యక్కర్లేదు.

కాబట్టి కట్టాలని ఉబలాటపడేవాళ్ళకి నా సలహా ఇది. కొత్తగా పోసిన డొల్ల కొనండి. పాతది చేతికొస్తే ముందు బాగుచేయడానికి చూడండి. తెర మీద నిలువు గీతలు మాయమైతే చాలాసార్లు అది రిబ్బన్ అతుకు ఊడటమే, సోల్డరింగ్ ఐరన్‌తో కాస్త వేడి చేస్తే తిరిగొస్తాయి. సెల్లు కారి తుప్పుపట్టిన రేకుల్ని వెనిగర్‌తో తుడిస్తే చాలావరకు శుభ్రమవుతాయి. చచ్చిపోయిందనుకున్న వాటిలో చాలా వాటికి ప్రాణం ఉంటుంది. ఇవేవీ కుదరక, డొల్ల ఒక్కటే పనికొస్తుందని తేలితే అప్పుడు నిరభ్యంతరంగా పీకండి. పీకిన బోర్డుని మాత్రం పారేయకండి. ఓ కవర్లో వేసి, పైన పేరు రాసి, అటక మీద పెట్టండి. రేపెవరో ఒకరు దాని కోసం వెతుక్కుంటూ రాకపోరు.