పట్టాల మీది కరెంటు, గాలిలో వచ్చే మాట

పోస్టు కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి. బొమ్మ రైళ్ల సంగతి మనకెందుకు అనుకోకండి, తిరిగి తిరిగి మన బోరు మోటారు దగ్గరికే వస్తది.

అమీర్‌పేట మెట్రో స్టేషన్ మీలో చాలామందికి తెలుసు. 2017 నవంబరు 28న మియాపూర్ నుంచి నాగోల్ దాకా 30 కిలోమీటర్లు మొదలైనప్పుడు రైలు మారాల్సింది అక్కడే, ఇప్పుడూ రెండు లైన్లు కలిసేది అక్కడే. ఆ రైలు పైన తీగలో 25 వేల వోల్టుల కరెంటు ఉంటది. డ్రైవరు కూడా ఉంటాడు. కానీ ఎంత వేగంతో పోవాలి, ముందున్న రైలుకు ఎంత దూరంలో ఆగాలి అన్న లెక్క రేడియోలో వస్తది. అంటే బలం ఒక దారిన, మాట ఇంకో దారిన. ఈ రెండు దారులు వేరుపడటానికి చాలా ఏండ్లు పట్టింది. అది బాగా అర్థమయ్యేది పెరట్లో తిప్పే బొమ్మ రైళ్లలోనే.

కరెంటు రైలు పుట్టిందే బ్యాటరీతో. స్కాట్లాండులో రాబర్ట్ డేవిడ్‌సన్ అనే ఆయన 1842లో ఒక ఇంజను చేసి పట్టాల మీద నడిపించాడు. గంటకు 4 మైళ్లు, అంటే మనిషి నడకంత. ఆ బ్యాటరీలో జింకు పలకలు యాసిడ్‌కు కరిగిపోయేవి, మళ్లీ కొత్తవి వేయాల్సిందే. బొగ్గు చవక, జింకు పిరం. అందుకే అది నిలబడలేదు. ఆవిరి ఇంజను పనివాళ్లు తమ కూడు పోతదని దాన్ని పగలగొట్టారని కూడా చెబుతారు. మళ్లీ మళ్లీ చార్జి చేసుకునే సీసం బ్యాటరీ ఫ్రాన్సులో ప్లాంటే చేతిలో వచ్చింది 1859లో.

తర్వాత 1879లో బెర్లిన్ ఎగ్జిబిషన్‌లో సీమెన్స్ ఒక చిన్న రైలు తిప్పాడు. 300 మీటర్ల చుట్టు, నడుమ ఇంకో పట్టా, అందులో 150 వోల్టులు. జనం బల్లల మీద కూర్చుని తిరిగారు. బ్యాటరీ మోసే బాధ పోయింది. రెండేండ్లకు అదే ఊరి శివారులో ట్రాం వేశారు, ఈసారి కరెంటు నేరుగా నడిచే పట్టాల్లోనే. దారి దాటే గుర్రాలకు షాక్ కొట్టింది. తడి చేలో తెగిపడ్డ వైరు తొక్కిన ఎద్దును చూసినోళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

బొమ్మ రైళ్లు కూడా పట్టాల నుంచి కరెంటు తీసుకునే పద్ధతే పట్టుకున్నాయి. ఇంట్లో బాగానే ఉండె. 1968లో జర్మనీ లేమాన్ కంపెనీ ఎల్‌జీబీ పేరుతో పెద్ద బొమ్మ రైలు తెచ్చింది, పట్టాల నడుమ 45 మిల్లీమీటర్లు, వానకు ఎండకు తట్టుకునేది. దాంతో రైలు పెరట్లోకి వచ్చింది, తిప్పలూ వచ్చినయి. మంచు, దుమ్ము, ఆకుల జిగురు, పట్టా మీద నల్లటి పొర. చక్రానికి పట్టాకు కాంటాక్ట్ పోతే ఇంజను ఆగుతది. మన స్టార్టర్ పాయింట్లు నల్లబడితే ఎమెరీ పేపరు పెట్టి రుద్దుతాం చూడండి, అట్ల మొత్తం లైనంతా రుద్దాలి, రోజూ. పైగా ఒకే పట్టా మీద రెండు ఇంజన్లు పెడితే రెండూ కలిసే కదులుతాయి, ఒకటి ఆపి ఇంకోటి నడపలేం.

దీనికి మందు 1898లోనే దొరికింది. న్యూయార్కులో టెస్లా ఒక నీళ్ల తొట్టిలో చిన్న పడవను వైరు లేకుండా నడిపి చూపించాడు. లోపల బ్యాటరీ, బయటి నుంచి రేడియో. బలం బండిలో, మాట గాలిలో. విమానాల బొమ్మలు, పడవల బొమ్మలు ఈ దారి ముందు పట్టినయి, వాటికి పట్టాలే లేవు కదా. రైలు వెనకబడింది, ఎందుకంటే సన్నటి ఇంజనులో బరువు బ్యాటరీ పట్టదు. 1991లో సోనీ లిథియం బ్యాటరీ అమ్మకానికి తెచ్చాకనే దారి తేలికైంది. ఇప్పుడు మన స్ప్రేయర్లలో, డ్రోన్లలో ఉండేది దాని సంతతే.

ఇవాళ ఎట్ల బిగిస్తారంటే, ముందు చక్రాల నుంచి మోటారుకు పోయే వైర్లు కోసేస్తారు. ఇది మరిచిపోతే బ్యాటరీ కరెంటు పట్టాల్లోకి దిగుతది. లిథియం సెల్లు ఒక్కోటి 3.7 వోల్టులు, నాలుగు వరుసగా కలిపితే 14.8. ఇంజనులో జాగ లేకపోతే వెనక పెట్టెలో పెడతారు. బ్యాటరీ పక్కనే ఫ్యూజు, తర్వాత స్విచ్చు, తర్వాత రేడియో మాట వినే రిసీవరు, ఆ మాట ప్రకారం మోటారుకు కరెంటు కొలిచి ఇచ్చే స్పీడ్ కంట్రోలర్. ఇంతే. మా చెల్లె కొడుకు అమీర్‌పేటలో కోర్సు చేసేటప్పుడు మైత్రీవనం పక్క సందుల్లో ఇంజినీరింగ్ పిల్లల ప్రాజెక్టు బోర్డులు చూపించాడు. ఇవే సామాన్లు, ఇదే వరస.

అసలు సంగతి ఇప్పుడు వస్తది. మాట అందకపోతే ఏం జరగాలి? మంచి రిసీవరు సిగ్నల్ పోగానే మోటారు ఆపేస్తది. మెట్రోలోనూ అంతే, రేడియో అందకపోతే రైలు ఆగాలి గానీ పోకూడదు. 2022 మార్చి 4న సనత్‌నగర్–శంకర్‌పల్లి లైనులో గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య రెండు రైళ్లను ఎదురెదురుగా నడిపి 'కవచ్' పరీక్షించారు. ఒకదాంట్లో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ కూర్చున్నారు. ఇంకా 380 మీటర్లు ఉండగానే ఇంజను దానంతటదే ఆగింది.

మన పొలంలో ఈ ఆలోచనే తక్కువ. రాత్రి కరెంటు రోజుల్లో పాము కాటుకు, షాక్‌కు ఎంతమంది పోయారో ప్రతి ఊరికీ తెలుసు. అందుకే పుణె ఇంజినీరు సంతోష్ ఓస్త్వాల్ లాంటోళ్లు సెల్‌ఫోన్‌తో మోటారు వేసే పెట్టె తెచ్చారు, మంచి పని. 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు వచ్చాక ఆటో స్టార్టర్లు తీసేయమని అధికారులే తిరిగారు, నీళ్లు వృథా అయితున్నాయని. తీసినోళ్లు కొందరే. కానీ ఆ పెట్టెకు బోరు దగ్గర మనిషి ఉన్నాడో లేడో తెలియదు. తండ్రి కేబుల్ జాయింటు విప్పుతుంటే కొడుకు ఇంట్లో కూర్చుని నంబరు నొక్కొచ్చు. పోయిన కరెంటు తిరిగొస్తే ఆటో స్టార్టర్ ఎవరినీ అడగదు.

కాబట్టి బోరు మీద చెయ్యి వేసే ముందు ఫోన్లో ఆపితే చాలదు. పొడి చెప్పుల మీద నిలబడి మెయిన్ ఆపండి, మూడు ఫ్యూజులు పీకి జేబులో వేసుకోండి, అప్పుడు పాన పట్టండి.