నూనెగిన్నె నుండి పొడిడబ్బా వరకు: పసిబిడ్డ మేని సంరక్షణ చరిత్ర

పసిబిడ్డ మేనికి ఏది పూయవలెను, ఏది పూయరాదు అను ప్రశ్న బిడ్డ పుట్టిన ప్రతి యింటను తలయెత్తుచునే యున్నది. ఒకప్పుడు దీనికి సమాధానము ఇంటి అవ్వ చేతిలో నుండెను. నేడది అంగడి అరలలోని సీసాలమీద అచ్చుపడి యున్నది. ఈ మార్పు ఎట్లు వచ్చినది, దాని వలన మనకు కలిగిన లాభనష్టము లెట్టివి అని విచారించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ముందుగా మాటల సాక్ష్యమును చూతము. 'నూనె' యను పదము నువ్వు, నెయ్యి అను రెండు మాటల కలయిక యని భాషావేత్తలు చెప్పుదురు. తమిళుల ఎణ్ణెయ్, కన్నడిగుల ఎణ్ణె అనునవియు అట్టివే. 'ఎళ్' అనగా నువ్వు. మరాఠీ, ఒడియా భాషలలో నూనెకు గల పేర్లు సంస్కృత 'తైల' శబ్దమునుండి వచ్చినవి. దానికి మూలము 'తిల', అనగా మరల నువ్వే. కోస్తా జిల్లాలవారు నువ్వులనూనెను మంచినూనె యందురు; తమిళులు నల్లెణ్ణెయ్ అందురు; రెండింటి యర్థము ఒక్కటియే. కావున చెన్నపట్టణముననో, బెంగళూరుననో, షోలాపురముననో, బరంపురముననో, యానామునో స్థిరపడిన తెలుగు తల్లి ఏ భాషలో నూనె నడిగినను, ఆ మాటలో నువ్వుగింజ దాగియే యున్నది.

మాట నిలిచినను గిన్నెలోని నూనె మాత్రము నేలనుబట్టి మారినది. సముద్రతీరమున కొబ్బరినూనె, ఒడిస్సాలో ఆవనూనె ప్రబలినవి. 1936 ఏప్రిల్ 1వ తేదీ వరకు మద్రాసు రాజధానిలో నుండి, పిమ్మట ఒడిస్సాలో చేరిన బరంపురము వంటి చోట్ల రెండలవాట్లును ఎదురుపడినవి. ఇరుగుపొరుగువారి వంటనూనెయే పసిబిడ్డ మర్దనకును వచ్చుట సహజము. నలుగు కథయు నిట్టిదే. మన నలుగు, తమిళుల నలంగు పేరులోను పనిలోను దగ్గరి చుట్టములు. మరాఠీవారు ఇట్టి పిండినే ఉటణె యందురు.

ఈ నూనెలలో బిడ్డకు ఏది మేలు? 2000వ సంవత్సరమున ప్రకటితమైన భారతీయ వైద్యుల పరిశోధన యొకటి 125 మంది శిశువులకు నాలుగు వారములు మర్దన చేయించి, నువ్వులనూనె వాడినవారిలో ఎదుగుదలయు నిద్రయు మెరుగుపడుటను గుర్తించినది. 2002లో ప్రకటితమైన, ఎలుకల చర్మముపై జరిపిన పరీక్షలో ఆవనూనె చర్మపు రక్షణపొర కోలుకొనుటను ఆలస్యము చేయగా, పొద్దుతిరుగుడు నూనె దానికి తోడ్పడినది. 2005లో ప్రకటితమైన పరిశోధన ప్రకారము, ఢాకా నగరపు ఆసుపత్రిలో నెలలు నిండక పుట్టిన శిశువులకు పొద్దుతిరుగుడు నూనె పూయగా, ఆసుపత్రిలో సోకు అంటురోగములు 41 శాతము తగ్గినవి. అయితే ఇది నెలలు నిండని బిడ్డలకు సంబంధించిన ఫలితము. ఆరోగ్యముగా, నెలలు నిండి పుట్టిన బిడ్డకు చర్మవ్యాధులు రాకుండుటకై నిత్యము పూతలు పూయ నక్కరలేదనియు, మృదువైన మర్దన చేయవచ్చుననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించినది.

పాతదగుటచేతనే ఏదియు నిరపాయము కాదు. పెద్దలు వాడు సున్నిపిండిలో పెసలు, సెనగలు, కచ్చూరాలతోపాటు బావంచాలు చేర్చుట మన యిండ్ల వాడుక. బావంచాలలోని సొరాలెన్ అను పదార్థము ఎండ తగిలినచో చర్మమును కమిలించును. ఆ గుణముచేతనే అది బొల్లి చికిత్సలో ఉపయోగపడినది. వెంట్రుకలు రాలుటకై పసికందును పిండితో గట్టిగా రుద్దుటయు చర్మమును గీచివేయుటయే యగును. కొన్ని బజారు కాటుకలలో సీసము కనబడినది.

పాతదానిలో దోషము కనబడగానే క్రొత్తది పరిశుద్ధమని తలచుట రెండవ పొరపాటు. అమెరికా దేశపు జాన్సన్ అండ్ జాన్సన్ సంస్థ పసిబిడ్డల టాల్కు పొడిని 1894లో అంగడికి తెచ్చినది. తెల్లని డబ్బా, తీయని పరిమళము నాగరకతకు గురుతులై, మన పట్టణములలో పొడి లేనిదే బిడ్డ స్నానము ముగియదను భావము నెలకొనినది. ఇంతలో 1972లో ఫ్రాన్సు దేశమున ఘోరము జరిగినది. ఒక శిశువుల పొడిలో హెక్సాక్లోరోఫీన్ అను క్రిమిసంహారకము పొరపాటున 6.3 శాతము కలిసినది. తల్లులు ప్రేమతో చల్లిన ఆ పొడి బిడ్డల లేతచర్మముగుండా దేహములోనికి ఇంకినది. 204 మంది పిల్లలు జబ్బుపడగా, వారిలో 36 మంది మరణించిరి. ఆ తల్లులు చేసిన తప్పేమియు లేదు. డబ్బాను నమ్మిరి, అందేమున్నదో తెలిసికొను దారి వారికి లేకుండెను.

టాల్కు పొడి పీల్చుటవలన శిశువుల ఊపిరితిత్తులకు కీడు కలుగునని వైద్యులు చిరకాలముగా హెచ్చరించుచుండిరి. ఆ ఖనిజములో రాతినార కలిసియున్నదను వ్యాజ్యములను జాన్సన్ సంస్థ ఖండించినను, 2020లో అమెరికా, కెనడాలలోను, 2023లో ప్రపంచమంతటను టాల్కు పొడి అమ్మకమును మానినది.

ఈ చరిత్ర చెప్పు నీతి యొకటే. అవ్వ మాట కాని, అంగడి ముద్ర కాని పరీక్షకు బదులు కాజాలదు. శిశువు చర్మము పలుచన. బరువుతో పోల్చినచో దాని వైశాల్యము పెద్దలకంటె ఎక్కువ. కావున పూసినదానిలో ఎక్కువ భాగము లోనికి చేరును. పుట్టిన బిడ్డకు మొదటి 24 గంటలు స్నానము చేయింపకుండుట మేలు. మేనిమీది వెన్నవంటి తెల్లని పూత ప్రకృతి యిచ్చిన కవచము. తరువాత గోరువెచ్చని నీరు, అవసరమైనచో పరిమళము లేని తేలికైన సబ్బు చాలును. సాధారణమైన సబ్బు క్షారగుణము కలది. చర్మమో కొంచెము ఆమ్లగుణము నాశ్రయించినది. క్రొత్తదానిని ముందుగా కొద్దిచోట రాచి చూడవలెను. డబ్బాపై నున్న పదార్థముల పట్టికను, గడువు తేదీని, తయారీ అనుమతి సంఖ్యను చదువవలెను. దద్దుర్లు, పొక్కులు, చీము కనబడినచో వైద్యునే చూపవలెను.

స్వదేశమును విడిచి తరతరములుగా పరభాషా ప్రాంతములలో నివసించుచున్న మన కుటుంబములు నూనెగిన్నెను, నలుగుపిండిని తమ గురుతులుగా కాపాడుకొనుట ముచ్చటయైన సంగతి. ఆ మర్దనలోని స్పర్శను, పాటను, ఓపికను నిలుపుకొందము. గిన్నెలో పోసెడి దానిని మాత్రము తెలిసికొని పోయుదము.