‘దుర్బలులు’ అన్న పేరు వెనుక మన చరిత్ర

ప్రభుత్వ కాగితాల్లో మనలో కొన్ని తెగలకు ఒక ప్రత్యేకమైన పేరు ఉంది. 1975లో కేంద్ర ప్రభుత్వం దేశంలోని 52 తెగలను ‘ఆదిమ గిరిజన సమూహాలు’గా గుర్తించింది. 1993లో మరో 23 చేర్చడంతో ఆ సంఖ్య 75 అయింది. చెంచులు, కొండరెడ్లు, కోలాములు, తోటీలు ఆ జాబితాలో ఉన్నారు. 2006లో ‘ఆదిమ’ అన్న మాట తీసేసి ‘ప్రత్యేకించి దుర్బలమైన గిరిజన సమూహాలు’ అని మార్చారు. మన ఊళ్లలో అందరూ పీవీటీజీ అంటున్నది దాన్నే.

ఒక చెడ్డ మాట పోయింది, మంచిదే. అయితే ‘దుర్బలం’ అన్న మాట చదివిన మన పిల్లలు ఏమనుకుంటారు? మన జాతే బలహీనమైనదని, ఆ బలహీనత పుట్టుకతో వచ్చిందని అనుకునే ప్రమాదం ఉంది. కాబట్టి ఈ మాటను మనం చరిత్రలో పెట్టి చూడాలి. మనం ఎప్పటి నుంచి దుర్బలులం? దేని ముందు దుర్బలులం? ఎవరి వల్ల అయ్యాం?

మూడు మాటలు

మనిషికీ ప్రకృతికీ ఉన్న సంబంధాన్ని చదివేవాళ్లు ఈ రోజుల్లో మూడు మాటలు వాడుతున్నారు. వాటిని మన మాటల్లో చెప్పుకుందాం. మొదటిది దెబ్బతినే స్థితి. రెండవది తేరుకొనే శక్తి. మూడవది మలుచుకొనే సామర్థ్యం.

వాన నెల రోజులు ఆలస్యమైందనుకుందాం. ఒకే పంట మీద బతికే ఇంటికి ఆ ఏడు తిండి ఉండదు. అది దెబ్బతినే స్థితి. గాదెలో కొంత గింజ, అడవిలో దుంప, అడిగితే ఇచ్చే చుట్టం ఉంటే ఆ ఇల్లు ఏడాది గట్టెక్కుతుంది. అది తేరుకొనే శక్తి. వచ్చే ఏడు వేరే విత్తనం వేయడానికి, వేరే చోట సాగు చేయడానికి, కొత్త పని నేర్చుకోవడానికి దారి ఉంటే అది మలుచుకొనే సామర్థ్యం.

ఈ మూడూ విడివిడిగా ఉండవు. మలుచుకొనే సామర్థ్యం ఉన్నచోట తేరుకొనే శక్తి నిలుస్తుంది, దెబ్బ తేలికవుతుంది. ఆ సామర్థ్యాన్ని ఎవరైనా లాగేసుకుంటే మనుషులు పశువులను అమ్ముకొని, అప్పు చేసి ఒక ఏడు నెట్టుకొస్తారు. మరుసటి ఏడు అదే కరువు వస్తే అమ్ముకోవడానికి పశువులుండవు. వాన లోటు పోయినేటంతే ఉన్నా నష్టం రెట్టింపవుతుంది.

పోడులో ఉన్న లెక్క

మన పెద్దలు కొండవాలులో పోడు కొట్టిన తీరు చూడండి. చెట్లు నరికి, ఎండబెట్టి, వానలకు ముందు కాల్చి, ఆ బూడిదలో విత్తనాలు చల్లేవారు. సామ, కొర్ర, జొన్న, కంది, చిక్కుడు, గుమ్మడి ఒకే చెలకలో కలిసి పెరిగేవి. సామ ముందుగా చేతికొస్తుంది, కంది చలికాలం దాటాక వస్తుంది. ఒకటి పోయినా మరొకటి మిగులుతుంది. రెండు మూడేళ్లయ్యాక ఆ చోటు వదిలేస్తే మళ్లీ అడవి లేచేది. నేల తేరుకున్నాక తిరిగి అక్కడికి వచ్చేవారు.

పంట చేతికి రాకముందు వానాకాలంలో ఆకలి నెలలు ఉండేవి. వాటికీ ఏర్పాటు ఉంది. అడవి దుంపలు, ఎండబెట్టిన ఇప్పపువ్వు, వెదురు కొమ్ములు అక్కరకొచ్చేవి. మామిడి టెంకలోని జీడిని దంచి, నీళ్లలో నానబెట్టి వగరు పోగొట్టి అంబలి కాచేవారు. కొండరెడ్లు జీలుగు చెట్టు బోదెలోని పిండిని తీసి తినేవారు. ఏ దుంపను ఎంతసేపు ఏటి నీళ్లలో ఉంచాలో తెలియకపోతే ప్రాణానికే ముప్పు. ఆ తెలివి ఏ పుస్తకంలోనూ లేదు, ఆడవాళ్ల చేతుల్లో ఉండేది.

అప్పుడు అంతా బాగుండేదని చెప్పడం మన ఉద్దేశం కాదు. రోగాలు వచ్చేవి, పిల్లలు చనిపోయేవారు, ముఠాదారుల, మన్సబుదారుల పెత్తనమూ ఉండేది. కానీ చోటు మార్చుకోవడం, పంట మార్చుకోవడం, అడవిలో వెతుక్కోవడం మన చేతిలో ఉండేవి. మన మలుచుకొనే సామర్థ్యం ఆ మూడింటి మీదే నిలబడింది.

ఒక్కొక్కటిగా మూసిన దారులు

బ్రిటిషువారి కాలంలో ఆ దారులు మూతపడ్డాయి. గోదావరి మన్యంలోని రంపలో మన్సబుదారు కల్లు మీద పన్ను వేశాడు. దాన్ని చిగురుపన్ను అన్నారు. మైదానం వాళ్లకు కల్లు మత్తు పానీయం. మన్యంలో అది ఎండాకాలం పూట గడిపే ఆహారం కూడా. అంటే ఆ పన్ను నేరుగా ఆకలి నెలల మీద పడింది. దానికి తోడు మైదానం వ్యాపారులు చిన్న చిన్న అప్పులకు కోర్టు డిక్రీలు తెచ్చి పశువులను, పంటను పట్టుకుపోయారు. 1879లో రంప పితూరీ లేచింది. 1880 దాకా సాగింది. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య దాన్ని నడిపించినవారిలో ఉన్నారు.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవులను రిజర్వు చేసి హద్దురాళ్లు పాతారు. పోడుకు ఆంక్షలు వచ్చాయి. ఇక్కడ ఒక సంగతి మనం బాగా గమనించాలి. తిరగడానికి కొండలు తగ్గితే, వదిలేసిన నేలకు తేరుకొనే సమయం తగ్గుతుంది. పదేళ్లకు తిరిగి రావలసిన చోటికి నాలుగేళ్లకే రావలసి వస్తుంది. చెట్లు ఎదగవు, బూడిద తక్కువవుతుంది, వానకు మట్టి కొట్టుకుపోతుంది, పంట పడిపోతుంది. ఆ బోడికొండను చూపించి పోడు అడవికి చేటు అన్నారు. ఆ పోడును అంత ఇరుకులోకి నెట్టింది ఎవరో చెప్పలేదు.

1922లో అల్లూరి సీతారామరాజు వెంట మన్యం లేచినప్పుడు కూడా మూలంలో ఉన్నవి ఇవే. పోడుకు అడ్డంకులు, రోడ్డు పనుల్లో చాలీచాలని కూలి, అధికారుల జులుం. గాం గంటందొర, గాం మల్లుదొర వంటివారు ఆ పోరులో నిలిచారు. 1924లో ప్రభుత్వం దాన్ని అణచివేసింది. పితూరీలను ధైర్యసాహసాల కథలుగానే పాఠాల్లో చెబుతుంటారు. మూసిన దారులను తిరిగి తెరవమని జనం చేసిన ప్రయత్నంగా కూడా వాటిని చదవాలి.

చట్టం కూడా ఒక పనిముట్టు

ఆ తరవాత మన పెద్దలు కొత్త పనిముట్లు పట్టుకోవడం నేర్చుకున్నారు. భూమి పోతే కరువుకు ఆగడానికి ఏమీ మిగలదు. అందుకే భూ బదలాయింపు చట్టాలు మనకు అంత ముఖ్యం. 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ భూముల మీద మొదటి చట్టం తెచ్చింది. 1959 నాటి నిబంధనలను 1970లో సవరించారు. అదే మనం 1/70 అనేది. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని అది చెబుతుంది. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూములను గనుల కోసం ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడాన్ని కూడా అడ్డుకుంది.

చట్టం ఉన్నంత మాత్రాన భూమి నిలవలేదు. బినామీ పేర్లతో చేతులు మారిన భూములు ప్రతి మండలంలోనూ ఉన్నాయి. అయినా ఆ చట్టం లేకపోతే అడగడానికి ఆధారమే ఉండేది కాదు.

కొత్త పంట, కొత్త ముప్పు

మలుచుకోవడం ఒకసారి చేసి వదిలేసే పని కాదు. పాడేరు, అరకు కొండల్లో మన రైతులు కాఫీని చేపట్టారు. నీడకు సిల్వర్ ఓక్ నాటారు, ఆ చెట్లకు మిరియాల తీగ పాకించారు. చేతిలో నగదు ఆడింది, పిల్లల చదువులు సాగాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటి కొండల మీదికి వచ్చింది. సిల్వర్ ఓక్ చెట్లు వేళ్లతో సహా కూలాయి. చెట్టుతో పాటు మిరియాల తీగ పోయింది. కింద కాఫీ మొక్కలు విరిగాయి, నీడ లేక ఎండకు మాడాయి. సామ పోతే మరుసటి ఏడు మళ్లీ చల్లుకోవచ్చు. కాఫీ మొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు, నీడ చెట్టు ఎదగడానికి అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. అందుకని కాఫీ వద్దని కాదు. కాఫీ తోట పక్కన చోడి చెలక, ఇంటి చుట్టూ దుంపలు, పనస, నీడకు ఒకటికి నాలుగు రకాల చెట్లు ఉండాలని ఆ తుఫాను చెప్పింది. పాత పోడు నేర్పింది కూడా ఇదే.

గోదావరి ఒడ్డు పల్లెలది ఇంకో కథ. భద్రాచలం దగ్గర నీటిమట్టం 1986లో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. వరద వస్తే గుట్టెక్కడం, తీశాక ఒండ్రులో పంట వేయడం అక్కడి కోయలకు, కొండరెడ్లకు తెలుసు. పోలవరం ముంపుతో గుట్ట, ఏరు, అడవి మూడింటికీ దూరంగా కాలనీకి వెళ్లిన కుటుంబానికి వరద భయం లేదు. కానీ ఆకలి నెలలో దుంప తవ్వడానికి చోటు కూడా లేదు. బియ్యం, కూలి, ఆసుపత్రి అన్నీ డబ్బుతోనే. ఒక ముప్పు తప్పించి ఇంకో ముప్పు ముందు నిలబెట్టడాన్ని పునరావాసం అనగలమా?

మనం చేయవలసింది

ఉపాధ్యాయులకు, చదువుకున్న యువతకు ఒక పని ఉంది. మన ఊరికి ఈ మూడు ప్రశ్నలు వేయాలి. ఏ దెబ్బ మనల్ని ఎక్కువగా బాధిస్తోంది? పోయినసారి దేని వల్ల తేరుకున్నాం? ఈసారి మార్చుకోవడానికి మన చేతిలో ఏముంది, ఏది లేదు? పిల్లల చేత అవ్వలను అడిగించి ఆకలి నెలల తిండ్ల జాబితా రాయించవచ్చు. ఏ విత్తనం ఎవరింట్లో మిగిలిందో లెక్క తీయవచ్చు.

ఇంకొక సంగతి. 2006 అటవీ హక్కుల చట్టం కుటుంబానికి పోడు పట్టా ఒక్కటే ఇవ్వలేదు. ఊరి ఉమ్మడి అడవిని కాపాడుకొనే హక్కును గుర్తించింది. ‘ఆదిమ’ సమూహాలుగా రాసుకున్న తెగలకు తమ ఆవాస ప్రాంతం మీద సాముదాయక హక్కునూ గుర్తించింది. పోడు పట్టాల కోసం తిరిగినంతగా మనం ఈ హక్కుల కోసం గ్రామసభలో తీర్మానాలు చేయడం లేదు.

ప్రభుత్వం మనల్ని దుర్బలులంటే ఆ మాటను పట్టుకొనే అడుగుదాం. చోటు మార్చుకొనే హక్కు పోయాక దుర్బలులమయ్యాం, అడవి తిండి అందకపోయాక అయ్యాం, మన మాట చెల్లకపోయాక అయ్యాం. బియ్యం, పింఛను ఇస్తే ఆకలి నెల గడుస్తుంది, అవి కావలసినవే. వాటితో పాటు నేల మీద, అడవి మీద, గ్రామసభలో మన మాట మనకు తిరిగి రావాలి. అది వచ్చినప్పుడే ఆ పేరును జాబితాలోంచి కొట్టేయమని అడగగలం.