డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా: భాగస్వామ్య చరిత్ర – తెలుగు పరిశోధన

1. ఉపోద్ఘాతం

పాత ముద్రణల అలభ్యత తెలుగు పరిశోధకులకు చిరకాల సమస్య. ఏదో ఒక గ్రంథాలయంలో ఏకైక ప్రతిగా మిగిలిన పుస్తకం కోసం ఊళ్లు తిరగవలసిన స్థితి 2000 తర్వాత కొంత మారింది. ఈ మార్పుకు దోహదం చేసిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ఏ భాగస్వామ్యంతో రూపొందిందో, అందులో ఏది కొరవడిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. భాగస్వామ్య నిర్మాణం

అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం చేపట్టిన ‘మిలియన్ బుక్ ప్రాజెక్టు’ దీనికి మూలం. చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించి, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డి దాని సారథులలో ప్రముఖుడు. స్కానర్లు, ఇతర పరికరాలకు అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ నిధులిచ్చింది. చైనా, ఈజిప్టు సంస్థలూ ఇందులో పాలుపంచుకున్నాయి. భారతదేశంలో బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ సమన్వయ బాధ్యత వహించగా, హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ ఒక ముఖ్య కేంద్రమైంది. విద్యాసంస్థలు సాంకేతికతను సమకూర్చితే, హైదరాబాదులోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం వంటివి పుస్తకాలను సమకూర్చాయి.

2007 నవంబరులో కార్నెగీ మెలన్ ప్రకటించిన లెక్క ప్రకారం మొత్తం 15 లక్షలకు పైగా గ్రంథాలలో తెలుగువి సుమారు 50 వేలు. అరబిక్ గ్రంథాలు 40 వేలు.

3. సూచికలోని లోపం

పుటలను చిత్రాలుగా భద్రపరచడం యంత్రం పని. గ్రంథనామాన్ని సరిగా నమోదు చేయడం భాష తెలిసినవారి పని. తెలుగు గ్రంథాల పేర్లు రోమన్ లిపిలో నమోదయ్యాయి. హ్రస్వ దీర్ఘ భేదం, ‘ట–త’, ‘ల–ళ’ భేదాలు ఆ లిపిలో నిలకడగా కనిపించవు. ‘కల’, ‘కళ’, ‘కాల’ ఒకే వర్ణక్రమంలోకి చేరగలవు. ఒకే గ్రంథం పలు వర్ణక్రమాలలో చెదరిపోగలదు. కాబట్టి వెతికినప్పుడు దొరకనంత మాత్రాన గ్రంథం లేదని నిర్ణయించడం పరిశోధనలో ప్రమాదకరం.

4. భద్రత ప్రశ్న

తర్వాతి దశకంలో కాపీహక్కుల ప్రశ్నలు తలెత్తి, ఆ వెబ్‌సైటు పాఠకులకు అందకుండా పోయింది. అయినా లక్షలాది గ్రంథాల ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉండడంతో పరిశోధకుల చేతికి దారి పూర్తిగా మూసుకుపోలేదు. సూచికలోని పాత దోషాలు మాత్రం ప్రతులతోపాటే అక్కడికీ చేరాయి.

5. ముగింపు

ఈ చరిత్ర రెండు విషయాలను స్పష్టం చేస్తుంది. ఒకే సంస్థ అధీనంలోని డిజిటల్ ప్రతి, ఒకే గ్రంథాలయంలోని అచ్చు ప్రతి కంటే సురక్షితమేమీ కాదు. తెలుగు లిపిలో, పండితుల పరిశీలనతో సూచిక తయారు కానంతకాలం స్కాన్ చేసిన గ్రంథం సగమే వెలుగు చూసినట్లు. ఇకపై కుదిరే ఒప్పందాలలో యంత్రాలకు, పుస్తకాలకు ఉన్న స్థానమే సూచికకర్తకూ దక్కాలి. తెలుగు శాఖలు ఆ బాధ్యతను అడిగి తీసుకోవడం అవసరం.